జాలిపడ్డాక అడుగు ఎందుకు పడదు?

మన సంఘాల్లో జాలికి కొరత లేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం వస్తుంది. ఎవరో ఒక అక్క లేచి ఇంటి పరిస్థితి చెప్పబోతుంది, సగంలోనే గొంతు పూడుకుపోతుంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. సంఘమంతా గొంతు కలిపి ప్రార్థిస్తుంది. అక్కడ ఎవరూ నటించడం లేదు. ఆ కన్నీళ్లూ నిజమే, ఆ ప్రార్థనా నిజమే. అయితే ఆ వారంలో ఆ అక్క గడప తొక్కినవాళ్లు ఎంతమంది అని అడిగితే మాత్రం చాలా సంఘాల్లో జవాబు చెప్పడం కష్టం.

దీన్నే ఆత్మీయ నిర్లిప్తత అంటున్నాం. ప్రసంగాల్లో దీనికి మామూలుగా ఒకే కారణం వినిపిస్తుంది: విశ్వాసం చల్లారిపోయింది, ప్రకటన గ్రంథంలోని లవొదికయ సంఘంలా నులివెచ్చగా మారిపోయాం అని. ఆ తర్వాత గద్దింపు. విన్నవాళ్లు తల దించుకుంటారు, ఒకట్రెండు రోజులు బాధపడతారు, తర్వాత మళ్లీ మామూలే. గద్దింపు అవసరమే, కాదనను. కానీ జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర వేస్తే ఏదీ తగ్గదు. బయటికి నిర్లిప్తతలా కనిపించేది లోపల చూస్తే నాలుగైదు వేర్వేరు సంగతులు. కొందరికి తీరిక లేదు. కొందరు వాక్యాన్ని సగమే విన్నారు. కొందరికి మోసపోతామన్న భయం. ఇంకొందరు ఇచ్చి ఇచ్చి అలసిపోయారు. వీటిని విడదీసి చూస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

యెరికో దారిలో తొందర

మంచి సమరయుడి కథ మనకు కంఠోపాఠం. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని దేవాలయ సేవలో ఉండే యాజకుడూ లేవీయుడూ చూసి ప్రక్కగా పోతే, యూదులు దూరం పెట్టే సమరయుడు ఆగి కాపాడాడు. ఆ కథనే ఆధారం చేసుకుని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్, ఒక ప్రయోగం చేసి 1973లో ఫలితాలు ప్రచురించారు. పాల్గొన్న 40 మందీ దైవసేవకు చదువుకుంటున్న సెమినరీ విద్యార్థులే. వాళ్లను పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం సమరయుడి కథ, మిగతావాళ్లకు సెమినరీ చదువు తర్వాత దొరికే ఉద్యోగాలు. దారిలో ఒక సందులో, గుమ్మం దగ్గర ఒక మనిషి కూలబడి, తల వాల్చి, దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. ఆయనను అక్కడ పెట్టింది ప్రయోగం చేసినవాళ్లే. ఎవరు ఆగుతారు, ఎవరు దాటిపోతారు అన్నదే అసలు పరీక్ష.

సమరయుడి గురించి చెప్పబోతున్నవాళ్లు ఎక్కువగా ఆగి ఉంటారని మనం అనుకుంటాం. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. తేడా వచ్చింది తొందర దగ్గర. ఇంకా టైముంది, నిదానంగా వెళ్లండి అని పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగి ఏదో ఒక రకంగా సాయం చేశారు. సరిగ్గా టైముకు వెళ్తున్నవాళ్లలో 45 శాతం. ఇప్పటికే ఆలస్యమైంది, మీకోసం చూస్తున్నారు అని తొందరపెట్టి పంపినవాళ్లలో 10 శాతం మాత్రమే. సమరయుడి కథ మీద ప్రసంగించడానికి పోతూ ఆ మనిషిని అక్షరాలా దాటుకుని వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

ఈ ప్రయోగాన్ని చెప్పేవాళ్లు ఒక చిన్న వివరం వదిలేస్తుంటారు. ఆగకుండా వెళ్లినవాళ్లలో కొందరు ప్రసంగం చేసే చోటికి చేరేసరికి లోలోపల నలిగిపోతూ, టెన్షన్‌గా కనిపించారని డార్లీ, బాట్సన్ రాశారు. వాళ్లకు జాలి కలగలేదని చెప్పలేం. ఒకవైపు సందులో పడి ఉన్న మనిషి, ఇంకోవైపు తమకోసం కాచుకుని ఉన్నవాళ్లకు ఇచ్చిన మాట. ఈ రెండిటి మధ్య చిక్కుకున్నారు, ఇచ్చిన మాటే గెలిచింది.

మన వారం కూడా ఒకసారి చూసుకుందాం. మంగళవారం గృహ కూడిక, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం ఉదయం ఆరాధన, సాయంత్రం యౌవనస్థుల కూడిక. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ ఉద్యోగం, పిల్లల చదువు, ఇంటి పని పోను మిగిలే ప్రతి సాయంత్రాన్నీ సంఘమే తీసేసుకుంటే, ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గర గంటసేపు కూర్చోవడానికి విశ్వాసికి సమయం ఎక్కడిది? యాజకుడూ లేవీయుడూ ప్రక్కగా పోయారని ఆదివారం గట్టిగా చెప్పి, ఆ యాజకుడికి ఉన్నంత తీరిక లేని వారాన్ని మనమే తయారు చేస్తున్నాం. వారంలో ఒక సాయంత్రం ఏ కూడికా పెట్టకుండా, ఎవరినైనా వెళ్లి పలకరించడానికే వదిలేయాలని పెద్దలు తీర్మానించుకుంటే, నాలుగు గద్దింపు ప్రసంగాలకంటే ఎక్కువ ఫలితం ఉంటుందని నా నమ్మకం.

సగమే విన్న వాక్యం

రెండో చిక్కు బోధలో ఉంది. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్న ఎఫెసీయుల పత్రిక మాట మన గోడ క్యాలెండర్ల మీద కూడా ఉంటుంది. "అది క్రియలవలన కలిగినది కాదు" అని ఆ వెంటనే వస్తుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. క్రియల వల్ల రక్షణ రాదు కాబట్టి క్రియలు రెండో వరుసలో ఉండే సంగతి అన్న భావం నిదానంగా మనసులో పాతుకుపోతుంది. ఆ తర్వాతి వచనం, 2వ అధ్యాయం 10వ వచనం, ఏం చెబుతోంది? దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామని. ఆ మూడు వచనాలూ ఒకే మాటగా నడుస్తాయి. కృప మనల్ని ఖాళీగా కూర్చోబెట్టడానికి రాలేదు, పనిలో పెట్టడానికి వచ్చింది.

"బీదలు ఎల్లప్పుడును మీతోకూడ ఉన్నారు" అన్న యేసు మాటకూ ఇదే గతి పట్టింది. పేదరికం ఎప్పటికీ పోదు, మనం చేసేది ఏముంది అన్నట్టు దాన్ని వాడతారు. మార్కు సువార్తలో ఆ వెంటనే, మీకిష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చునని ఉంది. పైగా ఆ మాటకు వెనక ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఉంది. బీదలు దేశంలో ఉండక మానరు, అందుచేత నీ చెయ్యి తప్పకుండా చాపవలెనని ఆజ్ఞాపిస్తున్నాను అని అక్కడ దేవుడు చెబుతాడు. పేదలు ఉంటారన్నదాన్ని అక్కడ ఇవ్వడానికి కారణంగా చెప్పారు. మనం దాన్నే ఇవ్వకుండా ఉండటానికి కారణం చేసుకున్నాం.

"పని చేయనొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు" అన్న పౌలు మాట కూడా పని చేయడం ఇష్టంలేని వాళ్ల గురించి. పని దొరకనివాళ్లకూ, పని చేయలేనివాళ్లకూ దాన్ని అంటగట్టడం అన్యాయం.

ప్రార్థన దగ్గరే ఆగిపోతే

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ప్రార్థనను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. "ప్రార్థన చేస్తాంలే అక్కా" అన్న మాట మనసారా అన్నదైతే అది పెద్ద మాటే. సమస్య ఎక్కడంటే, ప్రార్థన ముగిసి ఆమేన్ అనగానే మనసుకు ఒక తేలిక వస్తుంది. చేయాల్సింది చేసేశాం అనిపిస్తుంది. జాలి మనలో పుట్టించిన కదలిక అక్కడే కరిగిపోతుంది.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయిన కూలి మనిషి ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన భార్య ప్రతి వారం స్వస్థత కోసం ప్రార్థన కోరుతుంది. సంఘం ప్రతి వారం ప్రార్థిస్తుంది. ఆ ఇంటికి వెళ్లి అరగంట కూర్చుంటే కొన్ని సంగతులు బయటపడతాయి. ఆయనకు దివ్యాంగుల పింఛను రావాలంటే వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ (సదరం లాంటిది) కావాలి. దానికి ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇచ్చిన తేదీన ఆధార్ కార్డు, డాక్టరు కాగితాలు పట్టుకుని ఆసుపత్రిలో జరిగే శిబిరానికి వెళ్లాలి. ఆమెకు చదువు రాదు. భర్తను ఆటోలోకి ఎక్కించి దించడానికి తోడు ఇంకో మగమనిషి ఉండాలి. ఆ రోజు ఆమె కూలీ పోతుంది, ఆటోకు డబ్బు అవుతుంది. ఒకసారి వెళ్తే సరిపోతుందన్న నమ్మకమూ లేదు. అందుకే ఏడాదిగా ఆ పని అలాగే ఉండిపోయింది.

ఈ మొత్తంలో అద్భుతం అవసరమైన చోటు ఒకటే, ఆయన కాలూ చెయ్యీ. దాన్ని దేవుని చేతుల్లో పెట్టి ప్రార్థించాల్సిందే. మిగతాదంతా కాగితాలు చదవగలిగే ఒక యువకుడు, మోటారు సైకిలు ఉన్న ఒక అన్న, ఒక రోజు సెలవు పెట్టగలిగే ఒక ఉద్యోగి కలిస్తే అయిపోయే పని. ఆ ముగ్గురూ ఆ ప్రార్థనలోనే, ఆ చాపల మీదే కూర్చుని ఉంటారు. యాకోబు పత్రిక ఈ పరిస్థితినే ఎత్తి చూపుతుంది: ఆ నాటికి భోజనం లేని సహోదరుడికి శరీరానికి కావలసినవి ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెబితే ఏమి ప్రయోజనము? ఆ మూడూ మంచి దీవెనలే. చెప్పినవాడు చెడ్డవాడని కూడా యాకోబు అనలేదు. ప్రయోజనం ఏమిటని మాత్రం అడిగాడు.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులదీ ఇలాంటి ఆలోచనే. పొద్దుపోయింది, ఇది అరణ్యం, జనాన్ని పంపించేయండి, ఊళ్లలోకి పోయి ఏమైనా కొనుక్కుంటారు అంటారు. అందులో తప్పేమీ లేదు, లెక్క ప్రకారం సరైన సలహానే. యేసు మాత్రం "మీరు వారికి భోజనము పెట్టుడి" అన్నాడు. ఇన్నూరు దేనారాలు (అప్పటి వెండి నాణేలు) అవుతాయని వాళ్లు లెక్క చెప్పారు. మీ దగ్గర ఎన్ని రొట్టెలున్నాయి, వెళ్లి చూడండి అన్నాడు. లేని ఇన్నూరు దేనారాల గురించి మాట్లాడుతున్నవాళ్లను ఉన్న ఐదు రొట్టెల దగ్గరికి తీసుకొచ్చాడు.

ధాత కరువు, ఒంగోలు, ఒక కాలువ

సాయం చేస్తే జనం సోమరులవుతారు, మోసం చేస్తారు అన్న భయం ఈనాటిది కాదు. ఆ భయానికి మన నేల మీద చాలా పెద్ద ఖరీదు కట్టిన సందర్భం ఒకటుంది. 1876లో వానలు మొహం చాటేశాయి. అప్పటి బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో, అందులోనూ మన రాయలసీమ, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో 1878 దాకా సాగిన ఆ కరువు లక్షల మందిని మింగేసింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు.

సహాయక చర్యలు చూడమని ప్రభుత్వం 1877లో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. రోజంతా మట్టి పని చేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానికి తోడు ఒక అణా చాలునని ఆయన తేల్చాడు. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి పని చేయడం కాదు, బతకడమే కష్టమని గట్టిగా ఎదిరించాడు. ఇందులో నన్ను కలచివేసే విషయం వేరే ఉంది. ఇదే టెంపుల్ మూడేళ్ల ముందు బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి దాదాపు ఎవరూ ఆకలితో చనిపోకుండా కాపాడాడు. అందుకు ఆయనకు దక్కింది దుబారా చేశావన్న చీవాట్లు. రెండోసారి కరువు వచ్చేసరికి అదే మనిషి చెయ్యి బిగించాడు. జాలి చూపించినందుకు నిందపడ్డ మనిషి ఎలా గట్టిపడిపోతాడో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మన సంఘాల్లోనూ ఒకసారి సాయం చేసి మాట పడ్డవాళ్లు తర్వాత ముందుకు రారు.

అదే సమయంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. మిషనరీ కాకముందు ఆయన మిన్నెసోటాలో భూముల సర్వే పని చేసినవాడు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే, అందులో మూడున్నర మైళ్ల ముక్కను ఆయనే కాంట్రాక్టు తీసుకున్నాడు. గంజి పోసి ఊరుకోవచ్చు. ఆయన కొలతలు వేసి, పని పంచి, సరైన కూలీ ఇచ్చాడు. తన దగ్గరున్న తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేరే చోట్ల మేస్త్రీలు కొట్టి తిట్టి పని చేయిస్తుంటే, ఇక్కడ గంప మోస్తున్న మనిషి పేరు తెలిసినవాడు, రాత్రి గుడిసె దగ్గర కూర్చుని మాట్లాడేవాడు పని చూసుకున్నాడు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న మాట ఆ మట్టి గట్ల మీద విన్నవాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి. కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. వేలమంది అడుగుతున్నా ఇవ్వలేదు. తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని, అన్నానికీ విశ్వాసానికీ ముడిపెట్టకూడదని. కరువు సాయం అయిపోయింది, ఇక డబ్బు లేదు అని తెగేసి చెప్పాక కూడా జనం కదల్లేదు. మాకు సాయం వద్దు, కష్టపడి బతుకుతాం అని బొబ్బలెక్కిన చేతులు చూపించారు. అప్పుడు 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకెను మన సంఘాల చరిత్రల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆపేసిన ఆ ఏడాది గురించి తక్కువగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అసలు పాఠం ఆ ఏడాదిలోనే ఉంది. సాయానికి బదులుగా ఏదీ ఆశించకపోవడం కనికరానికి మొదటి షరతు. సమరయుడు గాయపడ్డవాణ్ణి నీది ఏ మతం, ఏ ఊరు అని అడగలేదు. ఈ రోజుల్లో బియ్యం మూట చేతిలో పెట్టి, తీసుకునే మనిషి మొహం కనపడేలా ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టడం కూడా ఒక రకంగా బదులు తీసుకోవడమే. కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని చెప్పిన ప్రభువు పేరు మీదే అది జరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మోసపోతామన్న భయానికి క్లౌ పద్ధతిలోనే జవాబు ఉంది. దూరం నుంచి డబ్బు పంపేవాడు మోసపోవచ్చు. పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు మోసపోయే అవకాశం చాలా తక్కువ. సువార్తలో సమరయుడు "జాలిపడి, దగ్గరకుపోయి" అని ఉంది. యాజకుడికీ అతనికీ మధ్య తేడా ఆ రెండో మాటలోనే ఉంది. చూడటం ముగ్గురూ చూశారు.

ఆ దగ్గరకు పోవడానికి మన మధ్య ఇంకో అడ్డు కులం. యూదులకూ సమరయులకూ సాంగత్యం లేదని బైబిల్లో చదివి ఆశ్చర్యపోతాం. ఒంగోలు బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా మాదిగలతో, గుంటూరు లూథరన్ సంఘాలు ఎక్కువగా మాలలతో పెరిగాయి. ఆ చరిత్ర నేటికీ మన కానుక ఎటు పోతుందో, పెద్దలు ఎవరింటికి పరామర్శకు వెళ్తారో నిర్ణయిస్తోంది. తర్వాత వచ్చి చేరిన అగ్రకుల విశ్వాసులు పేట దాకా వచ్చి కూర్చుని భోంచేసే సందర్భాలు ఇంకా తక్కువ. మన వీధి దాటని జాలిని సువార్త చెప్పే జాలి అనలేం.

పాస్టర్ గారు చూసుకుంటారులే

ఇంకో చిక్కు ఇది. పలకరింపులు, ఆసుపత్రి, చావు, గొడవలు అన్నీ పాస్టర్ గారు, ఆయన భార్య అమ్మగారి మీద పడేసి, కానుక వేసి ఇంటికి వెళ్లడం. ఇది సోమరితనం వల్ల మాత్రమే వచ్చిందని చెప్పలేను. వేదిక మీద ఉన్నవాళ్లే అభిషేకం ఉన్నవాళ్లు, మిగతావాళ్లు వినేవాళ్లు అని మనమే నేర్పాం.

దీన్ని చాలా ముందే గుర్తించినవాడు బిషప్ అజరయ్య. తిరునెల్వేలి జిల్లా తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెలు తిరిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. చదువు రాని కూలీలకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవాడు. అది పౌలు కొరింథీయులకు రాసిన మాట. నిన్నటిదాకా ఊరి బయట నిలబడ్డ మనిషికి, నీ మీదా బాధ్యత ఉంది, నువ్వు తీసుకునేవాడివి మాత్రమే కాదు అని చెప్పడం ఎంత పెద్ద గౌరవమో ఆలోచించండి. మనం ఈ రోజు బాప్తిస్మం తీసుకున్న మనిషికి ఒక సీటు చూపించి కూర్చోబెడుతున్నాం.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఇంకా బిషప్ కాకముందే, ఆయన చేసిన ప్రసంగం చివరి మాటలు చాలామందికి తెలుసు. మీరు మీ ఆస్తి ఇచ్చి బీదలను పోషించారు, కాల్చబడటానికి శరీరాలు అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఎదురుగా ఉన్నది నిజంగానే ప్రాణాలు ధారపోసిన మిషనరీలు. వాళ్ల త్యాగాన్ని ఆయన కాదనలేదు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైన, తీసుకునే చెయ్యి ఎప్పుడూ కింద ఉండే సంబంధాన్ని ప్రేమ అనలేమని చెప్పాడు. క్రిస్మస్‌కు చీరలు పంచడం కన్నా, ఆ చీర తీసుకునే ముసలమ్మ ఇంట్లో కూర్చుని ఆమె పెట్టిన టీ తాగడం మనకు ఎందుకు కష్టమనిపిస్తుందో ఈ మాట చదివాక అర్థమవుతుంది.

బాధ్యత అందరిదీ అన్నంత మాత్రాన అందరూ అన్నీ చేయాలని కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగ్గా అందడం లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగుడును పాపమని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఎన్నుకుని ఆ పని అప్పగించారు. కనికరానికి కూడా ఏర్పాటు కావాలని మొదటి సంఘానికి అంత తొందరగా తెలిసింది.

ఒకోసారి ఆ ఏర్పాటు కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటాం, అదీ ప్రమాదమే. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరు. కానీ ఆమెను పంపిన లూథరన్ సంస్థ వైద్యానికి పంపలేదు, స్త్రీల మధ్య బోధ, బడి పనులకు పంపింది. ఆమె ఆ పని చేస్తూనే తెచ్చుకున్న మందులతో రోగులను చూడటం మొదలుపెట్టింది. వైద్య పరిచర్యకు అనుమతి ఆ తర్వాత వచ్చింది, ఆసుపత్రి ఇంకా తర్వాత లేచింది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియనివాళ్లు అరుదు.

అలసిపోయినవాళ్ల సంగతి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంకా మొదలుపెట్టనివాళ్ల గురించి. చాలాకాలం చేసి, లోపల ఎండిపోయి, ఇప్పుడు ఏదీ పట్టనట్టు ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లను చూసి చల్లారిపోయారనడం క్రూరత్వం.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ స్థితిని చాలా దగ్గరగా గమనించాడు. మధ్యాహ్నం పూట సూర్యుడు కదలనట్టు, రోజుకు 50 గంటలు ఉన్నట్టు అనిపిస్తుందట. చేస్తున్న పని మీద విసుగు, కిటికీలోంచి చూపులు, ఇక్కడ సహోదరుల్లో ప్రేమే లేదు, ఇంకెక్కడికైనా పోతే బాగుంటుంది అన్న ఆలోచన. 91వ కీర్తనలోని "మధ్యాహ్నమందు పాడుచేయు రోగము"తో ఆ కాలపు ఎడారి తండ్రులు దీన్ని పోల్చారు. సంఘం మారి సంఘం తిరుగుతూ, ఎక్కడా ఏ పనిలోనూ నిలవలేకపోతున్న మనవాళ్లలో కొందరు ఆ వర్ణనలో తమను తాము చూసుకోగలరు. ఎవాగ్రియస్ చెప్పిన మందు, ఉన్న చోటే ఓపికగా నిలబడటం, చేతిలో ఉన్న చిన్న పనిని వదలకపోవడం.

అలసట శరీరానిదైతే మందు వేరు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గెలిచి వచ్చి, ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అని ప్రార్థించాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ముందుంది, లేచి భోజనం చెయ్యి అన్నాడు. మంచం పట్టిన అత్తగారికి ఏళ్లుగా సేవ చేస్తున్న కోడలు కూడికలకు రావడం లేదంటే ఆమెకు కావలసింది ప్రోత్సాహపు వాక్యం కాకపోవచ్చు. ఎవరో ఒకరు వెళ్లి, వదినా నువ్వు కాసేపు పడుకో, నేను చూసుకుంటాను అనడం కావచ్చు. అది కూడా కనికరమే, అదీ సంఘం పనే.

సమరయుడు కూడా తన ప్రయాణం మానుకోలేదు. ఒక రాత్రి పరామర్శించి, మరునాడు రెండు దేనారాలు పూటకూళ్లవాడికి ఇచ్చి తన దారిన వెళ్లాడు. భారమంతా తనే మోయలేదు, ఇంకొకరిని కలుపుకున్నాడు. కానీ "నేను మరల వచ్చునప్పుడు" అని మాట ఇచ్చి వెళ్లాడు. సాయం చేసేవాళ్లు అలసిపోకుండా ఉండటానికీ, సాయం మధ్యలో తెగిపోకుండా ఉండటానికీ ఆ రెండూ కావాలి.

సంఘంలో దీన్ని మొదలుపెట్టడానికి పెద్ద నిధి అక్కర్లేదు. ప్రార్థన మనవులు రాసుకునే పుస్తకం చాలా సంఘాల్లో ఇప్పటికే ఉంది. ప్రతి మనవి పక్కన ఇంకో మూడు గళ్లు గీయవచ్చు: ఎవరు వెళ్తున్నారు, ఎప్పుడు వెళ్తున్నారు, మళ్లీ ఎప్పుడు. ఆమేన్ చెప్పాక, కూడిక ముగిసే ముందు, ఆ గళ్లు నింపాకే లేవాలి. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, అందులో ఒకరు కొత్త విశ్వాసి అయితే మంచిది. వెళ్లినవాళ్లు అక్కడ ఎక్కువ మాట్లాడకుండా, ఏం కావాలో వినాలి. తమ వల్ల కాని పనైతే ఆ మాట అక్కడే చెప్పి, చేయగలిగినవాళ్లను వెతకాలి. మొదటి వారం అందరూ వెళ్తారు. చుట్టాలు వెళ్లిపోయి, ఫోన్లు ఆగిపోయి, మందుల ఖర్చు మొదలయ్యేది మూడో వారం తర్వాత. ఆ పుస్తకంలో మూడో గడిని పెద్దలు ఎక్కువ శ్రద్ధగా చూడాల్సింది అందుకే.